ప్రాణవాయువు వచ్చే దారి పరిశుభ్రమేనా?

మన ఇళ్లలో మంచినీళ్ల బిందెకు ఒక నియమం ఉండేది. ప్రతి ఉదయం బిందెలో మిగిలిన నీటిని మొక్కలకు పోసి, బిందెను చింతపండుతో తోమి, కడిగి, ఆ తరువాతనే కొత్త నీటిని వడగట్టి నింపేవారు. నిన్నటి నీటిమీద నేటి నీరు పోయడం తప్పుగా భావించేవారు. సూక్ష్మజీవి అన్న మాటనైనా వినని మన పెద్దలు పాటించిన ఈ నియమం, నేడు రోగి మంచం పక్కన గోడకు తగిలించే ఆక్సిజన్ సీసాకు ఎంత అవసరమో గత కార్తీక మాసంలో నాకు తెలిసివచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నాకు ఆ పాఠాన్ని ఒక నర్సు నేర్పింది. అదీ నా ఇంటి తప్పును నాకు చూపి నేర్పింది. పాఠకులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, సంకోచం విడిచి ఆ అనుభవాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

మా తల్లిగారి అనుభవం

మా తల్లిగారి వయస్సు 76 సంవత్సరాలు. నలభై ఏళ్లపాటు కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో నిప్పు రాజేసిన మనిషి. ఆ పొగ ఊరికే పోలేదు. చలిగాలి తగిలితే చాలు, ఆయాసం, పిల్లికూతలు, నిద్రలేని రాత్రులు. ఛాతీ వ్యాధుల నిపుణుని సలహా మీద మూడేళ్లుగా ఇంట్లోనే నెబ్యులైజర్ ద్వారా మందు ఇస్తున్నాము. ఈసారి ఆయాసం హద్దు మీరడంతో మా పట్టణంలోని ఒక నర్సింగ్ హోములో చేర్పించాము. ఆక్సిజన్ పెట్టారు. రోజుకు నాలుగుసార్లు నెబ్యులైజర్ మందు ఇచ్చారు. రెండు రోజులలో ఆమె లేచి కూర్చుని, కాఫీ అడిగే స్థితికి వచ్చారు.

మూడవనాటి ఉదయం ఆక్సిజన్ సీసాను పరిశీలనగా చూశాను. సీసాలో నీరు అడుగంటింది. అడుగున పచ్చని జిగురు పొర కనిపించింది. ఇంతలో ఆయా ఒక ప్లాస్టిక్ మగ్గుతో కుళాయి నీరు తెచ్చి, ఆ మిగిలిన నీటిమీదనే పోసి, మూత బిగించి వెళ్లిపోయింది. పక్క మంచం రోగికి వాడిన నెబ్యులైజర్ మాస్కు కిటికీ ఊచకు వేలాడుతున్నది. మందు పోసే చిన్న కప్పులో ముందురోజు మందు చుక్కలు అలాగే ఉన్నవి. నాకు కోపం ఆగలేదు. హెడ్ సిస్టరును పిలిపించి, నలుగురూ వినేలా మందలించాను.

ఆమె ఎదురు చెప్పలేదు. "అయ్యా, మీరన్నది నిజమే. తప్పు మాదే. ఇప్పుడే మారుస్తాను" అని, సీసాను విప్పి తీసుకుపోయి, కడిగిన మరొక సీసాలో స్టెరైల్ నీరు నింపి తెచ్చింది. మాస్కును, కప్పును తీసివేసి మా అమ్మగారికి ప్రత్యేకంగా కొత్తవి పెట్టింది. అంతా అయిన తరువాత నెమ్మదిగా అడిగింది. "అయ్యా, మంచం కింద సంచిలో ఉన్నది ఇంటి మిషనేనా? ఒకసారి చూడవచ్చునా?"

చూపించాను. ఆమె కప్పు మూత తిప్పి నా ముందు పెట్టింది. లోపలి గోడలకు గోధుమరంగు పొర పట్టి ఉన్నది. గొట్టంలో నీటి చుక్కలు నిలిచి ఉన్నవి. మాస్కు అంచు వేలికి జిగటగా తగిలింది. కప్పు నుండి తులసి వాసన వచ్చింది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె తల దించుకుని, "తులసి శ్వాసకు మంచిదని మీరే అంటారు కదండీ! మందు అయిపోయిన రోజున రెండు చెంచాల కషాయం, ఒక చుక్క నీలగిరి తైలం వేశాను. అత్తయ్యగారికి హాయిగా ఉంటుందనుకున్నాను" అన్నది.

తప్పు ఆమెది కాదు. తులసి గుణాలు చెప్పిన నేను, ఏ దారిన ఇవ్వాలో, ఏ దారిన ఇవ్వకూడదో చెప్పలేదు. మూడేళ్లలో ఒక్కనాడు కూడా ఆ కప్పు తెరిచి చూడలేదు. ఇతరుల సీసాలో పాచిని చూసిన కన్ను, నా ఇంటి పాచిని చూడలేదు.

అయిదవనాడు అమ్మకు జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగాన నీడ కనిపించింది. న్యుమోనియా అన్నారు డాక్టరుగారు. మరో తొమ్మిది రోజులు అక్కడే ఉండవలసి వచ్చింది. వాటిలో రెండు రాత్రులు ఆమె మాకు దక్కుతుందన్న ఆశ కూడా సన్నగిల్లింది. కారణం నర్సింగ్ హోము సీసాయా, మా ఇంటి మాస్కా, లేక పడుకుని మింగిన గుటక పొరపోవడమా? తేల్చి చెప్పే మార్గం లేదన్నారు డాక్టరుగారు. నేనూ తేల్చలేను. అయితే ఆ మూడింటిలో రెండింటిని మనం అడ్డుకోగలిగి ఉండేవారమన్నది మాత్రం నిశ్చయం.

ముక్కు అనే ద్వారపాలకుడు

ప్రకృతి మన శ్వాసమార్గానికి గట్టి కాపలా ఏర్పాటు చేసింది. ముక్కులోని వెంట్రుకలు, తడి పొర, గొంతులోని శ్లేష్మం, గాలిలోని దుమ్ము కణాలను పట్టి ఆపుతాయి. మిల్లీమీటరులో వెయ్యోవంతును ఒక మైక్రాను అంటారు. 10 మైక్రాన్లకు మించిన కణాలు చాలావరకు ముక్కు, గొంతులలోనే చిక్కుకుంటాయి. 1 నుండి 5 మైక్రాన్ల పరిమాణం గలవి మాత్రం లోతైన శ్వాసనాళాల వరకు చేరగలుగుతాయి.

నెబ్యులైజర్ చేసే పని ఇదే. మందును సరిగ్గా ఆ పరిమాణం గల తుంపరలుగా మార్చి, ద్వారపాలకుని దాటించి, లోపలికి పంపుతుంది. అందుకే అది అంత త్వరగా గుణమిస్తుంది. అయితే కప్పులో సూక్ష్మజీవులు ఉంటే వాటిని కూడా మందుతోపాటు అదే వాహనంలో ఎక్కించి పంపుతుంది. ఆహారంలో వెళ్లిన క్రిమిని జీర్ణాశయంలోని ఆమ్లం కొంతవరకు సంహరిస్తుంది. ఊపిరితిత్తులకు అటువంటి ఆమ్లం లేదు. వృద్ధులలో, దగ్గే బలం లేని వారిలో, మధుమేహ రోగులలో మిగిలిన రక్షణ కూడా తక్కువ.

తడి నిలిచిన చోట సూక్ష్మజీవులు గోడకు అంటుకుని, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. పైపైన నీటితో తొలిచినంత మాత్రాన ఆ పొర పోదు. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి డిస్టిల్డ్ నీటిలో సైతం వృద్ధి చెందగలదు. కనుక మంచి నీరు పోశామన్న ధీమా చాలదు. పాత నీటిని పారబోయాలి. పాత్రను కడగాలి. ఆరబెట్టాలి. బిందె నియమం వెనుక ఉన్న రహస్యం ఇదే.

చరిత్ర నేర్పిన పాఠాలు

ఇది నేటి భయం కాదు. 1965లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన రైనార్జ్, పియర్స్, శాన్‌ఫోర్డ్ ప్రభృతులు ఆసుపత్రులలోని శ్వాస పరికరాలను పరీక్షించి, నీటితొట్టె గల నెబ్యులైజర్లు సూక్ష్మజీవులకు నిలయాలై, వాటిని రోగుల ఊపిరితిత్తులకు చేరవేయగలవని వెల్లడించారు. 1976లో ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో వ్యాపించిన వింత న్యుమోనియాకు కారణమైన లీజియొనెల్లా అనే సూక్ష్మజీవిని మరుసటి ఏడాది గుర్తించారు. ఇది నీటిలో నివసించి, తుంపరల ద్వారా ఊపిరితిత్తులను చేరుతుంది. కుళాయి నీటిలో కూడా ఉండగలదు. శ్వాస పరికరాలలో కుళాయి నీరు పోయరాదన్న నియమానికి ఇది ఒక ముఖ్యకారణం.

మన దేశంలో 2021 నాటి కోవిడ్ రెండవ తరంగంలో బ్లాక్ ఫంగస్ వ్యాధి ఎంత భీతి కలిగించిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదుపులో లేని మధుమేహం, స్టీరాయిడ్ల మితిమీరిన వాడకం దానికి ప్రధాన కారణాలు. ఆక్సిజన్ సీసాలోని నీటి పాత్ర నిరూపితం కాలేదు. అయినప్పటికీ ఆ సంవత్సరం మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన సూచనలలో, ఆక్సిజన్ సీసాలలో శుభ్రమైన స్టెరైల్ నీటినే వాడాలన్నది కూడా ఒకటి.

శాస్త్రం చెప్పిన శౌచం

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగు గుణాలు. వైద్యునికి ఉండవలసిన నాలుగు గుణాలలో ఒకటి శౌచం. పరిచారకుని నాలుగు గుణాలలోనూ ఒకటి శౌచం. ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగిపై అనురాగం, వీటితో సమానంగా శుభ్రతను నిలిపాడు చరకుడు. అనురాగం ఉండి శుభ్రత లోపిస్తే చికిత్సకు ఒక కాలు కుంటుపడినట్లే. మా ఇంట జరిగినది అదే. అనురాగానికి లోటు లేదు.

సుశ్రుతుడు వ్రణరోగి ఉండే గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పుతో రోజుకు రెండుసార్లు ధూపం వేయమన్నాడు. రోగి చుట్టూ ఉన్న పరిసరం కూడా చికిత్సలో భాగమని దీని భావం. అయితే ఆ ధూపం గాయపడినవారికి చెప్పినది. ఆయాసం ఉన్న రోగికి ఏ పొగ అయినా విషమే. ఆక్సిజన్ ఉన్న గదిలో ధూపం, దీపం, అగరువత్తి అగ్నిప్రమాదానికి కారణమవుతాయి. గ్రంథంలోని ఆదేశాన్ని గ్రహించాలే తప్ప, సందర్భం చూడకుండా ఆచరించరాదు.

నర్సింగ్ హోములో గమనించవలసినవి

రోగి బంధువులు సాధారణంగా అడగడానికి జంకుతారు. అడిగితే డాక్టరుగారు కోపగించుకుంటారేమో, సిస్టరు అశ్రద్ధ చేస్తుందేమో అని భయం. నాలాగా కోపంతో అరవవలసిన పని లేదు. "సిస్టరుగారూ, ఈ సీసాలో నీరు ఎప్పుడు మార్చారమ్మా?" అని మర్యాదగా అడిగితే చాలు. గమనించవలసిన అంశాలు ఇవి:

1. ఆక్సిజన్ సీసాలో స్టెరైల్ నీరే ఉండాలి. నీరు తగ్గినప్పుడు పైన నింపరాదు. మిగిలినది పారబోసి, శుభ్రపరచిన సీసాలో కొత్తగా నింపాలి. సీసాపై ఉన్న రెండు గీతల మధ్యనే నీటిమట్టం ఉండాలి.

2. ముక్కు గొట్టం ద్వారా నిమిషానికి 4 లీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఆక్సిజన్ పొందే పెద్దలలో చాలామందికి అసలు నీటి సీసా అవసరమే ఉండదు. అవసరమా కాదా అన్నది డాక్టరుగారిని అడగవచ్చు.

3. మాస్కు, మందు కప్పు, ముక్కు గొట్టం ఒక్కొక్క రోగికి వేరువేరుగా ఉండాలి. వాటిపై రోగి పేరు వ్రాసి ఉంచడం మంచి పద్ధతి.

4. నెబ్యులైజర్ మందును పలుచన చేయడానికి అప్పుడే తెరిచిన స్టెరైల్ సెలైన్ మాత్రమే వాడాలి. తెరిచి ఉంచిన సీసాలోకి వాడిన సూదిని మళ్లీ ముంచితే ఒక రోగి క్రిములు వార్డంతటికీ చేరతాయి.

5. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టిన రోగులకు కఫం లాగే సన్నని గొట్టాన్ని స్టెరైల్ ప్యాకెట్టు నుండి తీసి వాడి, పని కాగానే పారవేయాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అటువంటి ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి పోవాలి.

6. వెంటిలేటరు గొట్టాలలో చేరే నీటిని రోగి వైపు జారనీయకుండా బయటకు తీసివేయాలి.

7. మళ్లీ వాడే పరికరాలను ముందు కడిగి, తరువాత క్రిమిరహితం చేయాలి. 1968లో ఎర్ల్ స్పాల్డింగ్ ప్రచురించిన వర్గీకరణలో, శరీరపు లోపలి తడి పొరలను తాకే శ్వాస పరికరాలు రెండవ తరగతికి చెందుతాయి. వాటికి తుడుపు చాలదు, ఉన్నతస్థాయి క్రిమిసంహారం కావాలి. 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 30 నిమిషాలు ఉంచడం అందులో ఒక పద్ధతి.

8. అన్నిటికన్నా ముందు, పరికరాన్ని తాకే చేయి శుభ్రంగా ఉండాలి. సిస్టరు చేతులతోపాటు మన చేతులు కూడా.

నోటి శుభ్రత కూడా ఇందులో భాగమే. జపానులో 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్లపాటు జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో, ప్రతి భోజనం తరువాత పళ్లు తోమించిన వృద్ధులలో 11 శాతం మందికి న్యుమోనియా రాగా, అటువంటి శ్రద్ధ లేనివారిలో 19 శాతం మందికి వచ్చింది. దంతధావనం, పుక్కిలింతలకు మన దినచర్యలో ఇచ్చిన స్థానం ఎంత సమంజసమో దీనివలన తెలుస్తున్నది. స్టీరాయిడు మందు నెబ్యులైజర్ ద్వారా తీసుకున్నవారు వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేనిచో నోటిలో తెల్లని పూత ఏర్పడవచ్చు.

ఇంటివద్ద పాటించవలసిన పద్ధతి

హెడ్ సిస్టరు ఆనాడు మాకు నేర్పిన క్రమాన్ని యథాతథంగా ఇస్తున్నాను. సబ్బుతో చేతులు కడుక్కుని మందు పోయాలి. వాడకం పూర్తికాగానే కప్పులో మిగిలిన చుక్కలను పారబోయాలి. కప్పును, మాస్కును విడదీసి, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, కాచి చల్లార్చిన నీటితో తొలవాలి. విదిలించి, ఉతికిన గుడ్డపై గాలికి ఆరనివ్వాలి. గొట్టంలో తడి కనిపిస్తే కప్పు తగిలించకుండా మిషనును కొద్ది నిమిషాలు నడిపితే ఆరిపోతుంది. పూర్తిగా ఆరిన తరువాతనే మూతగల పొడి డబ్బాలో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టడం క్రిములకు విందు చేయడమే.

రోజుకు ఒకసారి, మిషనుతో వచ్చిన పుస్తకం అనుమతిస్తే, కప్పును మరుగునీటిలో 5 నిమిషాలు ఉంచాలి. మాస్కు, గొట్టం మరిగించదగినవో కావో ఆ పుస్తకంలోనే చూసుకోవాలి. గాలి వడపోత బిళ్లను, కప్పును అందులో చెప్పిన గడువుకు మార్చాలి.

ఇంట్లో ఆక్సిజన్ మిషను ఉన్నవారు బ్యాటరీ నీరు వాడరాదు. అది బ్యాటరీలకు తయారైనదే గాని స్టెరైల్ కాదు. మందుల దుకాణంలో దొరికే స్టెరైల్ నీరు శ్రేష్ఠం. అది దొరకని వేళ బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీటిని వాడి, ప్రతిదినం మార్చాలి.

గృహవైద్య ప్రియులకు ఒక మనవి

మా ఆవిడ చేసిన పొరపాటు మరే ఇంట జరగకూడదని ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. నెబ్యులైజర్ కప్పులో డాక్టరు వ్రాసిన మందు తప్ప మరేదీ పోయరాదు. కషాయం ఎంత వడగట్టినా స్టెరైల్ కాదు. నీలగిరి తైలం, కర్పూర తైలం వంటి నూనె చుక్కలు ఊపిరితిత్తులలో చేరితే శరీరం వాటిని కరిగించుకోలేదు. నూనెవలన కలిగే ఒక విధమైన న్యుమోనియానే ఉన్నది. కప్పును వేపనీటితోనో, పసుపునీటితోనో కడిగితే చాలుననుకోవడం కూడా సరికాదు.

తులసి, శొంఠి, మిరియాల కషాయం తాగవలసినది. కడుపు దారిన అది చేసే మేలు అది చేస్తుంది. పసుపు వేసి మరిగించిన నీటి ఆవిరి ముక్కుదిబ్బడకు ఉపశమనం ఇస్తుంది. అది ముక్కు, గొంతుల వరకే గాని లోతైన నాళాలకు మందు కాదు. ఆయాసం తీవ్రంగా ఉన్నవారికి దానిపై ఆధారపడి ఆలస్యం చేయరాదు. మరుగునీటి పాత్రను పిల్లలకు, వణికే చేతుల వృద్ధులకు దూరంగా ఉంచాలి. ఆక్సిజన్ తీసుకుంటున్నవారికి ముక్కులో నూనె, నెయ్యి, వాజిలైన్ వంటివి రాయడం కూడా డాక్టరును అడగకుండా చేయరాదు. ఔషధం ఎంత గొప్పదైనా, దాని దారి దానికి ఉన్నది.

అమ్మ వేసిన ప్రశ్న

అమ్మ ఇంటికి వచ్చి ఇప్పటికి నెలలు గడిచాయి. మా వంటింటి కిటికీ పక్కన ఒక తెల్లని గుడ్డ, మూతగల డబ్బా, గోడకు ఒక కాగితం ఉన్నవి. మందు ఇచ్చిన ప్రతిసారీ కడిగినవారు ఆ కాగితంపై తేదీ, వేళ వ్రాస్తారు. వారంలో నాలుగు రోజులు ఆ వంతు నాది. ఆ నర్సింగ్ హోముకు ఇటీవల వెళ్లినప్పుడు, ప్రతి ఆక్సిజన్ సీసాపై నీరు మార్చిన తేదీ, వేళ అంటించి ఉండడం చూశాను. హెడ్ సిస్టరుకు నమస్కరించి వచ్చాను.

సూక్ష్మజీవులు, మైక్రాన్లు, జిగురు పొర, అన్నీ అమ్మకు వివరించి చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. మరునాడు మాస్కు ముఖానికి పెట్టబోతుండగా నా చేయి పట్టుకుని ఆపి, ఒకే ఒక మాట అడిగింది.

"నాయనా, బిందె తోమినట్టు తోమావా?"

ఇప్పుడు ప్రతిదినం అడుగుతున్నది. తోమానని చెప్పిన తరువాతనే ఊపిరి పీలుస్తున్నది.